పదమూడు బల్లలు, రెండు రాజ్యాంగాలు

మన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలెవరైనా "నేను స్కూల్ టీచర్ అవుతాను" అంటే ముందు నిశ్శబ్దం, ఆ తర్వాత ఉపన్యాసం. ఆ ఉపన్యాసం మధ్యలో నాకు ఫోన్ వస్తుంది. "సుభద్ర గారూ, మీరైనా కాస్త చెప్పండి, మీ మాట వింటుంది" అని బతిమాలతారు. నేను తప్పకుండా చెబుతాను. ఆలస్యం చేయకుండా చేరిపొమ్మని చెబుతాను! మా ఊరు ఎడిసన్‌లో నన్ను ఆ సాయం రెండోసారి అడిగినవాళ్లు లేరు.

కిందటి జూన్‌లో రిటైరయ్యాను. విశాఖలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చి, న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో అమెరికా చరిత్ర, ప్రభుత్వం అనే సబ్జెక్టులు చెప్పాను. సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి, జీతం ఎలా పెరుగుతుంది లాంటివి వెబ్‌సైట్లలో ఉన్నాయి, చూసుకోండి. ఈ ఉద్యోగం అసలు ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక్క పాఠం గురించి చెబితే చాలు. ఏటా అదే పాఠం, ఏటా అదే హడావిడి. అది మొదలయ్యే వారం వచ్చిందంటే మా ఆయన "నీకు పండగొచ్చిందే" అని నవ్వి వంట తనే చేసేవారు.

రెండు కాగితాలు

అమెరికాకు మొదటినుంచీ ఒకే రాజ్యాంగం అని చాలామంది అనుకుంటారు. కాదు! ఇప్పుడున్నది రెండోది. ఇంగ్లండు రాజుతో యుద్ధం చేస్తూనే పదమూడు రాష్ట్రాలు అంతకుముందే ఇంకో పత్రం రాసుకున్నాయి. దాని పేరు ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. ప్రభుత్వం అనడం కన్నా పదమూడు ఇళ్లవాళ్లు రాసుకున్న స్నేహ ఒప్పందం అంటే సరిగ్గా ఉంటుంది. పెద్దదైనా చిన్నదైనా ప్రతి రాష్ట్రానికి ఒకే ఓటు. ముఖ్యమైన పనికి తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఆ పత్రంలో ఒక్క మాట మార్చాలన్నా పదమూడూ తల ఊపాలి. అందరి తరఫున కూర్చునే కాంగ్రెస్ అనే సభకు పన్ను వేసే హక్కు లేదు, నిర్ణయాలను అమలుచేసే అధికారి లేడు, దేశమంతటికీ కోర్టులు లేవు. "దయచేసి మీ వాటా పంపండి" అని రాష్ట్రాలను అడగొచ్చు, అంతే.

అలా ఎన్నాళ్లు నడుస్తుంది? యుద్ధం చేసిన సైనికులకు జీతాలు ఇవ్వలేకపోయారు. ఒక్క చిన్న రాష్ట్రం కాదంటే అందరి పనీ ఆగిపోయేది. చివరికి కొందరు ఫిలడెల్ఫియాలో చేరారు. పాత పత్రానికి మరమ్మతు చేస్తామని చెప్పి కూర్చుని, తలుపులు మూసుకుని, మరమ్మతు మాట పక్కనపెట్టి మొత్తం కొత్తది రాసేశారు. పైగా పాతదాన్ని మార్చాలంటే పదమూడు కావాలి కదా, కొత్తది అమల్లోకి రావడానికి తొమ్మిది చాలని వాళ్లే రాసుకున్నారు! ఏం తెగింపు! ఎన్నేళ్లు చెప్పినా ఈ చోటికి వచ్చేసరికి నా గొంతు పెద్దదైపోయేది. పక్కగది టీచర్ వచ్చి తలుపు వేసి వెళ్లేవాడు.

"తేడాలు వ్రాయుము"

ఇంత రసవత్తరమైన కథను మొదట్లో నేనెలా చెప్పానో తెలుసా? పట్టిక గీసి! మన చదువులు అలాంటివి మరి. "తేడాలు వ్రాయుము" అని ప్రశ్న వస్తుంది. మధ్యలో నిలువు గీత, ఎడమపక్క అది, కుడిపక్క ఇది. అయిదు పాయింట్లు రాస్తే అయిదు మార్కులు. ఆ నిలువు గీతను నేను విశాఖనుంచి జాగ్రత్తగా న్యూజెర్సీ దాకా మోసుకొచ్చాను. పిల్లలు గడగడా అప్పజెప్పేవారు, నేను మురిసిపోయేదాన్ని.

అప్పట్లో మా డిపార్ట్‌మెంట్‌కి మిసెస్ డోనెలీ అని ఒకావిడ పెద్ద. కోపమూ చూపదు, పొగడ్తా చూపదు. ఒకరోజు వెనక కూర్చుని నా క్లాసంతా విని, పిల్లలు వెళ్లాక బోర్డు దగ్గరికొచ్చింది. (స్కూల్లో మాటలన్నీ ఇంగ్లీషులో నడిచినవే. నేను తెలుగులో రాస్తున్నాను.)

"పట్టిక చక్కగా ఉంది సుభద్రా. ఈ గదిలో ఎవరికైనా ఏమైనా పోయిందా?"

"పోవడమేమిటి? అర్థం కాలేదు."

"ఆ మొదటి కాగితం వల్ల ఆ రోజుల్లో జీతాలు పోయాయి, పొలాలు పోయాయి. ఇక్కడ ఎవరికీ ఏమీ పోలేదు. ఏమీ పోనివాళ్లకి రెండో కాగితంతో పనేముంది?"

రెండు రోజులు ఉడికిపోయాను. నిన్నగాక మొన్న వచ్చినదాన్నని ఇలా అంటోందా అని మా ఆయన దగ్గర బోలెడంత సణిగాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట: పొగిడే బాస్ దొరికితే సంతోషించండి. ఇలాంటి ప్రశ్న అడిగే బాస్ దొరికితే మాత్రం జీతం పెంచుతామన్నా స్కూల్ మారకండి.

టిష్యూ పెట్టెల సంక్షోభం

తర్వాతి సంవత్సరం పట్టిక తీసేశాను. పిల్లల్ని పదమూడు బల్లల దగ్గర జంటలుగా కూర్చోబెట్టి, ఒక్కో బల్లను ఒక్కో రాష్ట్రం చేశాను. ఈ గదికి రూల్స్ మీరే రాసుకోండి, మొదటి పత్రం పద్ధతిలోనే రాసుకోండి, చదువుకీ భద్రతకీ అడ్డురానంతవరకూ నేను నోరెత్తను అని చెప్పాను. ఫోన్లు ఎక్కడ పెట్టాలి, పరీక్ష ఏ రోజు, క్లాసు తరఫున పోటీలకు ఎవరు వెళ్లాలి, అన్నీ వాళ్ల చేతికే ఇచ్చాను. బడాయి కాదు గానీ, నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదే.

ప్రతి ఏడూ మొదట కూలేది టిష్యూ పెట్టెల దగ్గర. అందరికీ కలిపి ఒక అల్మారా ఉండేది. ప్రతి బల్లా తలో పెట్టె తేవాలని తీర్మానం. తేకపోతే చేయగలిగిందేమీ లేదు, మొదటి పత్రం కదా! సెప్టెంబర్‌లో ఇక్కడ గాలినిండా పుప్పొడి. సగం క్లాసు తుమ్ముతూ ఉంటుంది, అల్మారా ఖాళీగా ఉంటుంది. "వర్జీనియా తెస్తే మేమూ తెస్తాం" అని న్యూయార్క్ అంటుంది. "ముందు వాళ్లని తెమ్మనండి" అని వర్జీనియా అంటుంది. ఒక ఏడు ఒకమ్మాయి ముక్కు చీదుకోవడానికి ఏమీ దొరక్క లేచి నిలబడి, స్వెట్టర్ చేతికి తుడుచుకుంటూ, పన్ను వేసే హక్కు కావాలని ఒక ఉపన్యాసం ఇచ్చింది చూడండి! ఎగిరి గంతేయాలనిపించింది నాకు.

అయితే మొదటి పత్రాన్ని చులకన చేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక రాజును వదిలించుకున్నవాళ్లు ఇంకో రాజు వస్తాడేమోనని భయపడి రాసుకున్నారు. ఆ భయం తెలివితక్కువ భయం కాదు. ఆ పత్రం కింద నడిచిన కాంగ్రెసే ఒహాయో నది అవతలి కొత్త భూముల్లో బానిసత్వం ఉండకూడదని తీర్మానించింది. సరిగ్గా ఆ వేసవిలోనే రాసిన రెండో పత్రమేమో, రాష్ట్రానికి ఎన్ని సీట్లో లెక్కవేసేటప్పుడు బానిసల్ని ఒక్కొక్కరినీ మనిషిలో అయిదింట మూడు వంతుల కింద కట్టింది. పాతది చెడ్డది, కొత్తది మంచిది అని నిలువు గీత గీసి ఊరుకునేవాళ్లు రెండూ సరిగ్గా చదవలేదని నా అభిప్రాయం.

అనన్య సీటు

ఇక నా ఆఖరి శీతాకాలం. ఆ క్లాసులో అనన్య అనే అమ్మాయి ఉండేది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. క్లాసులో నన్ను "మిస్" అనేది, మన కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయల దగ్గర కనబడితే "ఆంటీ" అనేది. రాజ్యాంగం మీద ఒక పోటీ ఉంటుంది మాకు. పిల్లలు జట్టుగా జడ్జీల ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అనన్యకు ఆ పోటీ అంటే ప్రాణం. వేసవి సెలవులంతా దానికే చదివింది. జట్టులో ఆఖరి సీటుకు క్లాసు తననే ఎన్నుకుంది. ఒకవేళ తను తప్పుకుంటే ఆ సీటు, ఓట్లలో తన తర్వాత నిలిచిన మార్కస్‌ది. వాళ్ల పత్రంలో ఇంకో రూల్ కూడా ఉంది. వరుసగా రెండు వారాలు గదిలో లేనివాళ్లు జట్టునుంచి తప్పుకోవాలి. ఆ రూల్‌కి చెయ్యెత్తినవాళ్లలో అనన్య కూడా ఉంది.

డిసెంబర్‌లో వాళ్లమ్మ వాణి, నాన్న అమెరికా తిరిగి రావడానికి కావలసిన వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్తూ పిల్లనీ తీసుకెళ్లారు. వాళ్లు వెళ్లాక వీసాలిచ్చే పద్ధతి మారి, అపాయింట్‌మెంట్ వారాలకొద్దీ వాయిదా పడింది. అనన్యది అమెరికా పాస్‌పోర్టే, రావచ్చు. కానీ ఒక్కదాన్నే పంపి ఎవరింట్లో ఉంచుతారు? మా పొద్దుటి క్లాసు అక్కడ సాయంత్రం కాబట్టి, వాళ్ల అమ్మమ్మగారింట్లో కూర్చుని లాప్‌టాప్‌లో పాఠం వినేది. వినొచ్చు గానీ, గదిలో ఉన్నట్టు కాదు. రెండు వారాలు దాటాయి. సీటు మార్కస్‌కి వెళ్లింది.

వాణి నాకు ఫోన్ చేసింది.

"సుభద్ర గారూ, క్లాస్ రూలే కదండీ, మీరు టీచర్, ఓవర్‌రైడ్ చేసేయొచ్చు కదా. మా తప్పు ఏముంది ఇందులో? అపాయింట్‌మెంట్ వాళ్లే పోస్ట్‌పోన్ చేశారు. అది రోజూ ఏడుస్తోంది. తెలుగువాళ్లమని కాదు గానీ, కాస్త చూడండి."

"చూస్తాను వాణి గారూ," అన్నాను. ఏం చూడాలో నాకే తెలియదు. నిజం చెప్పాలంటే ఒక్క మాటతో తేల్చేయాలని నాకూ బలంగా అనిపించింది. ఆ పిల్లంటే నాకు ముద్దు. కానీ ఒక్కసారి నేను రాణినై హుకుం జారీచేస్తే, అప్పటిదాకా పిల్లలు రాసుకున్నదంతా ఉత్త ఆట అని తేలిపోతుంది.

క్లాసు తనంతట తానే పూనుకుంది. రూల్ మార్చి అనన్యకు సీటు తిరిగి ఇద్దామన్నారు. మార్చాలంటే పదమూడు బల్లలూ ఒప్పుకోవాలి. పన్నెండు ఒప్పుకున్నాయి. మార్కస్ బల్ల కాదంది.

అందరూ మార్కస్ మీద విరుచుకుపడ్డారు. ఆ పిల్లాడు ఒక్కడే నిలబడి, "నేనేం దొంగిలించలేదు," అన్నాడు. "రూల్ అందరం కలిసి రాశాం. దాని ప్రకారమే సీటు వచ్చింది. అప్పటినుంచీ నేనూ చదువుతున్నాను. నాకు వచ్చాక మారుస్తామంటే ఎలా?" అందులో తప్పేముంది చెప్పండి? ఇద్దరి వైపూ న్యాయం ఉంది. నాకు నిద్ర పట్టలేదు, అయినా క్లాసుకు వెళ్లడానికి కాళ్లు ఆగలేదు!

తలుపు మూసిన లంచ్

వారం తిరక్కముందే ఏం జరిగిందో వినండి. పన్నెండు బల్లలవాళ్లూ లంచ్ టైములో ఒక ఖాళీ గది చూసుకుని, తలుపు వేసుకుని, అనన్యను ఫోన్‌లో పెట్టుకుని కొత్త పత్రం రాసేశారు. నేను చెప్పలేదు. నాకు తెలియనే తెలియదు. మర్నాడు పొద్దున వచ్చి టేబుల్ మీద పెట్టారు. దాంట్లో అధ్యక్షురాలు ఉంది (వాళ్లలో ఒకమ్మాయిని అప్పుడే ఎన్నుకున్నారు కూడా), టిష్యూ పెట్టె తేనివాళ్లకు శిక్ష ఉంది, ఇకమీదట రూల్ మార్చడానికి తొమ్మిది బల్లలు చాలు, అంటే మార్కస్ బల్ల ఒక్కటీ కాదన్నా ఆగదు. ఈ పత్రం అమల్లోకి రావడానికి కూడా తొమ్మిదే చాలు!

ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పిన కథ నా కళ్ల ముందు నడుస్తోంది. ఒళ్లు పులకరించిపోయింది. నోరు మూసుకోవడానికి అంత కష్టం ఇంకెప్పుడూ పడలేదు.

"ఇది చెల్లదు," అన్నాడు మార్కస్. "పాతదాన్ని మార్చాలంటే పదమూడు."

"మార్చట్లేదు, కొత్తది రాశాం. ఫిలడెల్ఫియాలోనూ ఇదే చేశారు," అంది అధ్యక్షురాలు.

"ఫిలడెల్ఫియాలో తలుపులు మూసుకుని మావాళ్ల గురించి ఏం రాసుకున్నారో నాకు తెలుసు," అన్నాడు.

మార్కస్ నల్లజాతి కుర్రాడు. అందరూ నావైపు చూశారు. ఫిలడెల్ఫియావాళ్లు చేసింది చెల్లుతుందా లేదా అన్నదాని మీద పెద్దవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారనీ, నా జవాబు కూడా చాలాసార్లు మారిందనీ చెప్పాను. ఓటు వేసేముందు పత్రం మొత్తం చదవమన్నాను. పిల్లలకు ఇవ్వదగిన సలహా అదొక్కటే అని నా నమ్మకం.

మార్కస్ తీసుకుని చదివాడు. మిగతావాళ్లు సీట్ల గురించీ పెట్టెల గురించీ మాట్లాడుకుంటున్నారు. అతను చివరి పేజీ దగ్గర ఆగి, అదే చోటు మళ్లీ చదివాడు.

"ఇదెవరు రాశారు?" అని అడిగి, పైకి చదివాడు. "ఇప్పటికే జరిగిపోయినదానికి కొత్త రూల్ వర్తించదు. ఒక్క మనిషికి ఇవ్వడానికో, ఒక్క మనిషినుంచి తీసుకోవడానికో రూల్ చేయకూడదు."

అధ్యక్షురాలు తడబడింది. "అసలు రాజ్యాంగంలోనూ అలాంటిదే ఉంది కదా. అందుకని పెట్టాం."

ఉంది! జరిగిపోయిన పనికి తర్వాత చట్టం చేసి శిక్షించకూడదనీ, ఒక మనిషిని పట్టుకుని చట్టంతో దోషిని చేయకూడదనీ రెండో పత్రంలో స్పష్టంగా రాశారు. మొదటిదాంట్లో అలాంటి మాట లేదు. నా పట్టికలో కూడా అయిదు పాయింట్లలోకి అది ఎప్పుడూ ఎక్కలేదు. మా క్లాసు పిల్లలు దాన్ని ఇంకాస్త పెంచి రాశారు.

"నేనే అడిగి పెట్టించాను," అంది లాప్‌టాప్‌లోంచి అనన్య.

"దీనివల్ల ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాడు మార్కస్.

"తెలుసు. సీటు నీకే ఉంటుంది."

అప్పుడు అర్థమైంది మిగతావాళ్లకి. ఒక్కసారిగా గోల. "అనన్యా, ఇదంతా నీ కోసమే చేశాం!" అని అధ్యక్షురాలు దాదాపు ఏడ్చేసింది.

అనన్య తెరకు దగ్గరగా జరిగింది. వెనకనుంచి కుక్కర్ ఈల వినబడింది. "మేం ఫ్లైట్ ఎక్కినప్పుడు ఒక పద్ధతి ఉంది," అంది. "దిగాక ఇంకోటి వచ్చింది. నేనిక్కడ కూర్చుని ఉన్నది అందుకే. మా అమ్మ రోజూ ఆ వెబ్‌సైట్ చూస్తుంది. సేమ్ థింగ్ నేను మార్కస్‌కి చేయలేను. నాకు సీటు కావాలి. చాలా కావాలి. కానీ అలా వద్దు."

మార్కస్ పెన్ను తీసి తన బల్ల పేరు దగ్గర సంతకం పెట్టాడు. తొమ్మిది చాలన్న పత్రానికి పదమూడూ వచ్చాయి. నేను బోర్డువైపు తిరిగి, చెరపడానికి ఏమీ లేని బోర్డును చాలాసేపు తుడిచాను.

ఆ సాయంత్రం వాణి ఫోన్ చేసింది. "పిల్ల అమాయకంగా ఏదో అంటే మీరైనా ఆపాల్సింది," అని నిష్ఠూరమాడి పెట్టేసింది. ఆవిడ కోపం నాకు న్యాయంగానే తోచింది. కన్నతల్లికి రాజ్యాంగం తర్వాత, పిల్ల కన్నీళ్లు ముందు.

జడ్జీల ముందు

అనన్యవాళ్లు పోటీకి రెండు రోజుల ముందు తిరిగొచ్చారు. జెట్‌లాగ్‌తో కళ్లు వాచిపోయి ఉన్నా అనన్య హాలుకు వచ్చింది. హైదరాబాద్‌నుంచే రోజూ మార్కస్‌కి ప్రశ్నలు వేసి తయారుచేసింది తనే మరి. వాణి కూడా వచ్చింది, నా పక్కనే సీటు ఖాళీ ఉంటే కూర్చుంది, కానీ నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. వేదిక మీద మన జట్టు కూర్చుంది, ఆఖరి కుర్చీలో టై సర్దుకుంటూ మార్కస్.

జడ్జీల్లో ఒక పెద్దావిడ, మొదటి పత్రానికీ రెండోదానికీ అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఏమిటని అడిగింది. పక్క జట్లవాళ్లు అప్పటికే పన్నులు, సైన్యం, కోర్టులు అని చెప్పేసి ఉన్నారు. మార్కస్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మొదటిదాంట్లో ఎవరూ ఎవరిచేతా ఏమీ చేయించలేరు. రెండోదాంట్లో చేయించగలరు, అందుకే అది నడిచింది," అన్నాడు. "నాకు అది ముఖ్యం కాదు. తొమ్మిదిమంది కలిస్తే ఏదైనా చేయగలిగే చోట, ఏం చేయకూడదో ముందే రాసి పెట్టుకున్నారు. ఓడిపోయినవాడు ఆ కాగితాన్ని నమ్మగలిగేది అందువల్ల. అది రాసినప్పుడు మావాళ్లని లెక్కలోకి తీసుకోలేదు. కానీ ఆ మాటలు ఇప్పుడు నాకూ వర్తిస్తాయి, వర్తించడం నేను చూశాను."

జడ్జీ రాసుకోవడం ఆపేసి అతనివైపే చూస్తోంది. నాకు లేచి చప్పట్లు కొట్టాలని ఉంది, కొట్టకూడదని రూల్. అనన్య ముందుకు వంగి, రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టుకుని నవ్వుతోంది. వాణి కళ్లు తుడుచుకుని, అన్ని వారాల తర్వాత మొదటిసారి నావైపు తిరిగింది.

"అది మా పిల్ల అక్కడ కూర్చుని చెప్పాల్సిన మాటండీ," అంది.

"మీ పిల్ల చెప్పిన మాటేనండీ," అన్నాను.